‘జారిపడినది’ అని రెండుసార్లు

1998లో ముదిగుబ్బ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్టాఫ్ నర్సుగా బదిలీ మీద వెళ్లాను. ఆరు మంచాలు, ఒక పొడుగాటి వరండా, స్టవ్ మీద సిరంజులు మరిగే గిన్నె. ఆ స్పిరిట్ వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే ప్రాణం లేచివస్తుంది. వేరుశనగ చేలల్లో చెనక్కాయలు పీకే రోజుల్లో ఆడవాళ్లు మా వరండాలో కూర్చుని కాయలు ఒలుస్తూ నా కొంగులో గుప్పెళ్లు పోసేవారు. అంత ఆప్యాయత మళ్లీ ఏ ఊళ్లోనూ చూడలేదు.

దెబ్బలతో ఎవరొచ్చినా ఒక పద్ధతి ఉండేది. డాక్టరు గారు చూసేలోపు, దెబ్బ ఎలా తగిలిందో రోగి నోటి నుంచే విని గాయాల రిజిస్టరులో నేను రాయాలి. ఎవరైనా కొట్టారంటే పోలీసు స్టేషనుకు కాగితం వెళ్తుంది. జారిపడ్డానంటే కట్టు కట్టి పంపడమే.

చెయ్యి విరిగిన ఓబుళమ్మను ఆమె మొగుడు ఈరన్నే తీసుకొచ్చాడు. మెట్ట రైతు, నెమ్మదస్తుడని ఊళ్లో పేరు. ఎట్లా తగిలిందని అడిగితే ఆమె అతని వైపు చూసి, “బండ మీద జారినా నర్సమ్మా” అంది. ‘జారిపడినది’ అని రాశాను. ఆరు నెలలకు మళ్లీ అదే చెయ్యి. పడేవాళ్లు అరచెయ్యి ఆనిస్తారు, మణికట్టు దగ్గర విరుగుతుంది. ముంజేయి మధ్యలో విరిగిందంటే దెబ్బకు అడ్డం పెట్టినట్టే. తెలిసి కూడా అతని ముందే అడిగాను, అదే రాశాను. నా బుద్ధి గడ్డి తింది.

పైగా అతను టీకి వెళ్లగానే ఆమెకు ధైర్యం చెప్పబోయాను. బోరు ఎండింది, సారా అలవాటైంది, నాలుగు వానలు పడితే మనిషి సర్దుకుంటాడని.

“పోయినేడు వానలు బాగా పడినాయి, పంటా వచ్చినాది. అప్పుడూ కొట్టినాడు,” అంది ఓబుళమ్మ. “అయినా ఆయప్పను పక్కన నిలబెట్టి అడిగితే నేనేం చెప్పల్ల నర్సమ్మా?”

రిజిస్టరు దిద్దుతానంటే వద్దంది. ఆ పొద్దు అతనితోనే ఇంటికి పోవాలి కదా!

మరుసటేడు నుదురు చిట్లి, ఒంటరిగా బస్సులో వచ్చింది. “ఈసారి రాయి,” అంది. ఆమె మాటల్లోనే రాశాను. కేసయింది. కోర్టులో ఈరన్న వకీలు నా పాత రాతలే చదివి, ఈమెకు జారిపడడం అలవాటని వాదించాడు. ఓబుళమ్మ నా వైపు చూసింది. ఆ కేసు పోతే ఆమెకు మళ్లీ ఆ ఇల్లే గతి.

బోనులో నిలబడి జడ్జి గారికి ఉన్నది చెప్పాను. ఆ రెండుసార్లూ మొగుడి ఎదుటే అడిగాననీ, తప్పు నాదేననీ. ఆయన రాసుకున్నారు. ఈరన్నకు శిక్ష పడింది. నాకు పైనుంచి మెమో వచ్చింది. జవాబులోనూ అదే రాశాను. ఆ ఏడు చెనక్కాయలప్పుడు ఓబుళమ్మ మా వరండాలో అందరికంటే గట్టిగా నవ్వింది.

కరువూ సారా దెబ్బలను పెంచుతాయి, నిజమే. వాటిని ఆపడం నా చేతిలో లేదు. అడిగే తీరు మాత్రం నా చేతిలోనే ఉండింది. రిటైరయ్యేదాకా, దెబ్బలతో ఆడమనిషి వస్తే రిజిస్టరు తెరవకముందే వెంట వచ్చినవాడితో, “ఏమప్పా, నువ్వు పోయి బయట కూర్చో” అనేదాన్ని.