తెమ్యో సిగరెట్టు మానింది ఎవరి మాట మీద

మారికినాలో మా వీధి చివర కిరాయికి తిరిగే ట్రైసికిల్ బళ్ల స్టాండులో ఎవరినైనా అడగండి, మా ఆయన ఆర్తెమ్యో అంత నిదానస్తుడు లేడంటారు. నిదానమే మరి! తన వంతు బేరం ఇంకోడు కాజేసినా నవ్వి ఊరుకుంటాడు. అన్నం మాడినా నోరెత్తకుండా తింటాడు. నేను ఎంత అరిచినా ఎదురు చెప్పడు. ఒక్క సిగరెట్టు దగ్గరే మొండి. పెళ్లయిన నాటి నుంచి నెత్తీ నోరూ బాదుకున్నాను. మా నాన్న సిగరెట్టు దగ్గుతోనే పోయాడు. పడుకుంటే ఊపిరాడక చివరికి కుర్చీలోనే కూర్చుని నిద్రపోయేవాడు. అదంతా తెమ్యోకి చెప్పాను, ఏడ్చాను, పెట్టెలు తీసి కాలవలో పారేశాను. "మానేస్తాలే, నేనీ" అని నా పేరు పెట్టి అనేవాడు. అని, ఎదురు కొట్టుకెళ్లి విడిగా ఒకటి కొనుక్కుని కాల్చుకొచ్చేవాడు.

అలాంటివాడు వానలు మొదలైన నెలలో ఉన్నట్టుండి మానేశాడు. చేతిలో పెన్నులాంటి వేప్ ఒకటి, అదే, బ్యాటరీతో ఆవిరి పీల్చే గొట్టం. ఒంటి నిండా మామిడిపండు వాసన. ఎక్కడిదయ్యా అంటే, "రోవెనా ఇచ్చింది. అది పీలుస్తూ మెల్లగా మానెయ్యమంది" అన్నాడు.

రోవెనాది మార్కెట్ పక్కన వేప్ కొట్టు. ఎర్రరంగు గోళ్లు, మోచేతి దాకా పచ్చబొట్టు. ఎత్తు పీట మీద కూర్చుని వేప్‌లో వేడెక్కే సన్నటి తీగని చుట్టలు చుడుతుంటే స్టాండులో మగాళ్లంతా గుడ్లప్పగించి చూస్తుంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. మానినందుకు సంతోషించాలా? సంతోషించాను, కాదనను. కానీ ఇన్నేళ్లు నేను మొత్తుకుంటే చెవికెక్కనిది, అది ఒక్కమాట అంటే ఎక్కిందా? ఇంట్లో చెప్పుల కొట్టుకి కూలికి పైతోళ్లు కుడుతూ కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. సూది తోలులో దిగాల్సింది నా వేల్లో దిగేది.

దానికి తోడు ఆ ఫోటో. శనివారం సాయంత్రం వేప్ జనమంతా రోవెనా కొట్టు ముందు చేరి, ఎవరి గొట్టం వాళ్లు పట్టుకుని, పిడికిళ్లన్నీ ఒకచోట పెట్టి ఫోటో తీసుకుంటారు. మొహాలుండవు, చేతులే. అన్నీ తళతళలాడే ఇత్తడివి, రాగివి. మధ్యలో మా ఆయన చెయ్యి, అందులో ఆ ప్లాస్టిక్ పెన్ను. దాని పక్కనే ఆనుకుని ఎర్రగోళ్ల చెయ్యి. అన్ని చేతులుండగా అదే ఎందుకు ఆనాలట?

"నాకూ ఒక మెకానికల్ గొట్టం కొనుక్కోవాలనుంది" అన్నాడు తెమ్యో, ఆ ఫోటో చూసుకుంటూ.

"నేనూ వస్తాను" అన్నాను.

కొట్లో రోవెనా మూడు గొట్టాలు తీసి బల్ల మీద పెట్టింది. "చూడన్నా, వీటిలో సర్క్యూట్ అంటూ ఏమీ ఉండదు. గొట్టం, బ్యాటరీ, అడుగున మీట, అంతే. తప్పు జరిగితే ఆపేది ఏదీ లేదు. మొదటిసారి కదా, ఈ సాదాది తీసుకో. పేరున్న కంపెనీదానికి నకలే గానీ మీటకి తాళముంది, అడుగున గాలి రంధ్రాలున్నాయి. మిగిలిన డబ్బు మంచి బ్యాటరీ మీద పెట్టు."

అన్నా అంటోంది పైకి. మీట ఎలా తిప్పాలో చూపిస్తూ మా ఆయన బొటనవేలు పట్టుకుంది. నా కళ్లముందే!

"ఆ సాదాది తుప్పుపట్టిన నీళ్ల పైపులా ఏడ్చింది. అదిగో, ఆ గద్ద బొమ్మ చెక్కిన రాగిది ఇవ్వు" అన్నాను.

"దానికి తాళం లేదక్కా. అది కొంటే బ్యాటరీకి డబ్బు మిగలదు కూడా."

"బ్యాటరీలకేం, మార్కెట్లో బోలెడు. మాటిమాటికి నీ కొట్టుకే రావాలని రాసిపెట్టుందా ఏంటి?"

రోవెనా మొహం ముడుచుకోలేదు. అదే నాకు ఇంకా మంట. "బ్యాటరీ తొడుగు మీద పవర్ అంకె ఎంత పెద్దదైనా అచ్చేసుకోవచ్చక్కా. లోపల సరుకుండాలి" అంది. తెమ్యో నా వంకా దాని వంకా చూసి, ఎప్పట్లాగే నాకు ఎదురు చెప్పలేక, రాగి గొట్టానికే డబ్బు తీసిచ్చాడు. గెలిచాననుకుని నడుచుకుంటూ వచ్చాను. దారిలో టార్చిలైట్లు అమ్మేవాడి దగ్గర, ఊదారంగు తొడుగున్న బ్యాటరీ నేనే బేరమాడి కొన్నాను.

వారం తిరక్కుండానే జరిగింది. స్టాండులో గొట్టం నిక్కరు జేబులో పెట్టుకుని బండి సీటు మీద కూర్చున్నాడు. తాళం లేని మీట సీటుకి నొక్కుకుపోయింది. గొట్టం నిప్పుకణికలా కాలేసరికి కెవ్వుమని ఎగిరి దూకి, నడిరోడ్డు మీద నిక్కరు ఊడబీక్కుని పారేశాడు. బుస్సుమని పొగ. ఇద్దరు టీచరమ్మల ముందు లోదుస్తులతో నిలబడ్డాడని స్టాండంతా పడీపడీ నవ్వారట. తొడ మీద అరచేతంత కాలింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి కట్టు కట్టించుకుని, నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. గుమ్మంలో కూర్చుని ఎదురు కొట్టు వంకే చూస్తున్నాడు. అక్కడ గాజు సీసాలో సిగరెట్లు విడిగా అమ్ముతారు. ఆ ప్లాస్టిక్ పెన్నేమో రాగి గొట్టం కొన్నరోజే చుట్టాలబ్బాయికి ఇచ్చేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాడంటే ఇక ఈ జన్మకి మానడు. మా నాన్న నిద్రపోయిన ఆ కుర్చీ మా ఇంట్లో ఇంకా ఉంది, అందులో తెమ్యో కూర్చోవడం నేను చూడలేను.

మర్నాడు సాయంత్రం సిగ్గు చంపుకుని రోవెనా కొట్టుకి వెళ్లాను. నన్ను చూడగానే అది పీట దిగింది. "అన్నకి ఎలా ఉందక్కా?" అంది. నీకెందుకు అనబోయి మింగేశాను.

"ఆ సాదాది ఇవ్వు. మంచి బ్యాటరీ కూడా. డబ్బు చెప్పుల కొట్టాయన ఇచ్చాక తెస్తా" అన్నాను.

వెంటనే తీసింది. తీగ చుట్టి బిగించి, నా చేతే తాళం వేయించి తీయించింది. నేను కదల్లేదు. లోపలున్నది బయటికి తన్నుకొచ్చింది.

"ఏం చెప్పావే మా ఆయనకి? నేను ఏడ్చి చెప్తే మానలేదు. నువ్వేం మందు పెట్టావు?"

"నేను కొత్తగా ఏం చెప్పలేదక్కా" అంది. "రెండుమూడు సార్లు వచ్చి బయటే నిలబడి వెళ్లిపోయాడు. చివరికి లోపలికొచ్చి ఒక్కటే అడిగాడు. మొదలుపెట్టి మధ్యలో ఓడిపోతే మా ఆవిడకి చెప్పవు కదా అన్నాడు. చెప్పనన్నాను. అప్పుడే ఆ పెన్ను కొన్నాడు."

దాని మీద నా అసూయ అక్కడితో చచ్చిందా? లేదు. ఇంకా పెరిగింది. ఓడిపోతానేమోనన్న భయాన్ని నా మొగుడు నాకు కాక దానికి చెప్పుకున్నాడు. చెప్పుకునే చోటు నా దగ్గర లేకుండా చేసింది మాత్రం రోవెనా కాదు. దారిపొడవునా దాన్నే తిట్టుకుంటూ వచ్చాను, సగం తిట్లు నాకే తగిలాయి.

ఇంటికొచ్చేసరికి తెమ్యో గుమ్మంలోనే ఉన్నాడు. బుగ్గన పిప్పరమెంటు పెట్టుకున్నాడు. దాని వెనకాల సిగరెట్టు వాసన నాకు తెలీదా? తల వంచుకుని, తిట్లు మొదలవుతాయని కాచుకుని కూర్చున్నాడు. మా నాన్న పేరుతో సహా అన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. పళ్లు బిగపట్టి అతని పక్కన మెట్టు మీద కూలబడ్డాను.

"తిన్నావా?" అన్నాను.

పిప్పరమెంటు నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఒకటి కాల్చాను, నేనీ" అన్నాడు.