స్నాతకోత్సవంలో సాంబారు

నా చేతులారా తెచ్చిపెట్టిన ఘోరాల్లో ఇది అన్నిటికన్నా పెద్దది. నిండు సభలో, నల్ల గౌన్లు వేసుకున్న పెద్దమనుషుల నెత్తి మీద, గోడంత తెర మీద నేను సాంబారు ఉడికించాను. పొయ్యి లేకుండా, రౌటర్లతో. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

పుదుచ్చేరిలో నెట్‌వర్కు పనులు చేసే చిన్న కంపెనీలో చేరిన కొత్త. నాకు సర్టిఫికెట్టు ఉంది, దానికి తగిన మెళకువ లేదు, ఆ లోటు పొగరుతో పూడ్చుకునేవాణ్ణి. ఒక ప్రైవేటు కాలేజీకి ముత్తియాల్‌పేటలో హాస్టలు, కాలాపేట అవతల కొత్త భవనం ఉన్నాయి. అక్కడ జరిగే స్నాతకోత్సవం ఆ హాల్లోని పెద్ద తెర మీదా, ఇక్కడ హాస్టలు టీవీల్లోనూ కనబడాలి. మా మేనేజరు జనార్దనం సారు ఆ పని నాకు అప్పగించాడు.

హాస్టలు వంటగదికి పెద్ద దిక్కు పార్వతత్త. నెల్లితోపులో మా పక్కిల్లే. ఆ రోజు ఆమె కూతురు కల్పనకి బంగారు పతకం. కానీ సభ మొత్తానికీ భోజనం హాస్టల్లో వండి వ్యానులో పంపాలి, వండాల్సింది పార్వతత్తే.

"నేను పోతే సాంబారు ఎవురు చూస్తారు? నువ్వు టీవీలో చూపిస్తే చాలు వరదా. చూపిస్తావా?"

"పూచీ నాది అత్తా." వంటగది అలమర మీద ఆమెకోసమే ఒక టీవీ పెట్టాను.

"కరెంటు పాయె, వైరు పాయె అని కతలు చెప్పకూడదు."

"నేనుండా గదా."

నేనుండడమే అసలు ప్రమాదమని ఆమెకి తెలియదు పాపం.

ఇక్కడ చిన్న పాఠం, భయపడకండి. ఒక బొమ్మని ఒక్కసారే వదిలితే, అడిగినవాళ్ళకి మాత్రం రౌటర్లు నకళ్ళు తీసి ఇవ్వడాన్ని మల్టీకాస్ట్ అంటారు. ప్రతి బొమ్మకీ ఒక నంబరు. ఏ నంబరు మీద ఎవరు పంపుతున్నారో కనిపెట్టుకుని ఉండే పెద్ద రౌటరు హాస్టల్లో ఒకటి, కాలేజీలో ఒకటి. రెండూ వేరుపడ్డ సంసారాలు. 'మా దగ్గర ఫలానా బొమ్మ ఉంది' అని అవి ఒకదానికొకటి కబురు పంపుకునేలా కలపడమే నా పని. ఏ కబురు దాటాలో, ఏది దాటకూడదో తేల్చే జల్లెడ కూడా మధ్యలో పెట్టాలి.

"జల్లెడ పెట్టినావా?" అన్నాడు సారు.

"ఉండేదే రెండు రౌటర్లు సార్. జల్లెడ ఏందికి?"

"నంబర్లు చూసినావా?"

"అన్నీ చూసేసినా సార్."

చూడలేదు. వంట శుభ్రంగా లేదని పిల్లలు గొడవచేస్తే, అంతకుముందు ఆ వంటగదిలో కెమెరా పెట్టి హాస్టలు టీవీలకి కలిపింది నేనే. ఆ సెట్టింగులనే ఎత్తి స్నాతకోత్సవానికి అతికించాను, నంబరుతో సహా. రెండు సంసారాలూ మొహామొహాలు చూసుకోనన్నాళ్ళూ రెండు చోట్లా ఒకే నంబరుంటే ఏ గొడవా లేదు. ఇప్పుడు మధ్య తలుపు తీసింది నేను. పొద్దున పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేసింది, ఎందుకంటే పొయ్యి వెలిగించాకే కెమెరా ఆన్ చేయడం పార్వతత్త అలవాటు.

నేనూ సారూ హాల్లో ఓ మూల కంప్యూటరు బల్ల దగ్గరున్నాం. అక్కడ పార్వతత్త పొయ్యి వెలిగించి కెమెరా ఆన్ చేసేసరికి ముఖ్య అతిథి ఉపన్యాసం రంజుగా సాగుతోంది. "మీ భవిష్యత్తు" అంటుండగా తెర మీద ఆయన మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయింది. గళ్ళ మధ్యలోంచి ఆవిరి లేచింది. నేను కంగారులో వంటగది కెమెరాకి బదులు సభ కెమెరాని ఆపేశాను. దాంతో తెర శుభ్రపడింది. ఇప్పుడు తెరనిండా సాంబారు గుండిగ, దాని వెనక పార్వతత్త.

కెమెరాకి మైకు కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏందిది, నా బిడ్డను చూపిస్తానని నన్నే చూపిస్తా ఉండాడు," అంది ఆమె టీవీ కేసి చూస్తూ. "ఈ వరదగాడికి ఒక పని చేతగాదు."

హాలంతా గొల్లుమంది. సారు చూసిన చూపుకి నా మెడలో ఐడీ కార్డు దానంతటదే ఊడిపడుతుందనుకున్నాను. సరిగ్గా అప్పుడే వేదిక మీద కల్పన పేరు పిలిచారు. నేను బల్ల కింద దూరి పార్వతత్తకి ఫోన్ చేశాను. తెర మీద ఆమె కొంగుకి చెయ్యి తుడుచుకుని ఫోనెత్తింది.

"అత్తా, ఆ కెమెరా వైరు పీకెయ్," అని గొణిగాను. స్విచ్చి ఆపమంటే సరిపోయేదని తోచలేదు.

"గట్టిగా చెప్పు నాయినా," అంది హాలంతా మోగేట్టు. "వైరు యాడుండాది?"

"నీ తలమిందే. సీక్కిరం కానీ అత్తా, కల్పనని పిలిచేసినారు."

"పిలిచేసినారా?" ఆమె గొంతు మారిపోయింది. "అయ్యో, చూడకుండా పోతినే. పొద్దున్నించి దానికోసరమే కాసుకోనుండానే నాయినా."

నవ్వులు ఆగిపోయాయి. కల్పన వేదిక మధ్యలో నిలబడిపోయి తెర వంక చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. పార్వతత్త ఏమందో అర్థంకాక ముఖ్య అతిథి పక్కవాళ్ళని అడిగి తెలుసుకున్నాడు. పతకం పట్టుకున్న చెయ్యి దించాడు.

"వాళ్ళమ్మ చూసేదాకా ఆగుదాం," అన్నాడు.

పార్వతత్త స్టూలెక్కి గరిటె కొసతో వైరు లాగింది. సాంబారు మాయమైంది. నేను సభ కెమెరా తెరిచి, ఫోనుని మైకు దగ్గర పెట్టాను.

"కనబడిందా అత్తా?"

"కనబడింది," అంది ఏడుపు గొంతుతో. "నా బంగారే కనబడింది."

ముఖ్య అతిథి పతకం వేశాడు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆ చప్పట్లలో సగం నావేనని ఇప్పటికీ నా నమ్మకం. అంతలో ఫోను మళ్ళీ పలికింది.

"ఏమే కల్పనా, కంచిపట్టు కట్టి పంపిస్తే దాని మింద ఆ నల్ల అంగీ ఏందే?"

కల్పన అక్కడికక్కడే గౌను గుండీలు విప్పి చీర చూపించింది. జనం లేచి నిలబడ్డారు.

"ఎవరి ఆలోచన ఇది?" అన్నాడు ప్రిన్సిపాలు కళ్ళొత్తుకుంటూ.

నేను క్షమాపణకి నోరు తెరిచేలోగా జనార్దనం సారు ముందుకొచ్చాడు. "నాదే సార్. వైర్లు లాగింది మావాడు."

ఆ మధ్యాహ్నం ఆకు ముందు కూర్చుని, వేడి సాంబారు సాక్షిగా ప్రమాణం చేశాను. నంబర్లు చూడకుండా, జల్లెడ పెట్టకుండా ఈ జన్మలో రెండు నెట్‌వర్కుల్ని కలపను గాక కలపను. ఆ మాట మీదే ఉన్నాను, ఏడాదిలో ఒక్కరోజు తప్ప. కాలేజీవాళ్ళు ఇప్పుడు ఆహ్వానపత్రికలోనే అచ్చువేస్తున్నారు, 'వంటగది నుంచి ప్రత్యక్ష ప్రసారం' అని. ఆ రోజు పార్వతత్త కంచిపట్టు కట్టుకుని సాంబారు కలుపుతుంది, నేను భక్తిశ్రద్ధలతో జల్లెడ తీసి పక్కన పెడతాను.