కుడి మూలన పసుపు చుక్క

పోయిన మంగళవారం పేట్ బషీరాబాద్‌లో బోర్డులు రాసే పెయింటర్ కాక చనిపోయాడు. పొద్దున చాయ్ తాగి, అరుగు మీద కూర్చుని, కూర్చున్నచోటే పక్కకు ఒరిగాడట. ఆయన నాకు చుట్టం కాదు. మా రోడ్డు మీద అందరికీ కాకే, అంటే బాబాయే. నాకు మాత్రం చేతిలో పని పెట్టినవాడు. సుచిత్ర దగ్గర నా డిజైనింగ్ షాపు ఈ రోజుకూ నడుస్తున్నదంటే, దాని కింద ఆయన వెంట తిరిగిన మూడేళ్ళు ఉన్నాయి. నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాను. ఆయనకు చెప్పవలసినవి చెప్పకుండానే ఉండిపోయాయి. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్ళు అంటించే పనిలో ఉండేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. సెలవు రోజున కాక వెంట పోయేవాణ్ణి. ఆయన సైకిలే ఆయన షాపు. హ్యాండిల్‌కు రంగు డబ్బాలు, వెనక కుంచెల సంచీ. నిచ్చెన మాత్రం ఎవరి బోర్డయితే వాళ్ళే ఇవ్వాలి. "నిచ్చెన ఇయ్యనోడు బోర్డేం రాపిచ్చుకుంటడు, ముగ్గేసుకొమ్మను" అనేవాడు.

శామీర్‌పేటలో చేపలు అమ్మేవాళ్ళ రేకు పలకలు, కొంపల్లి పొలాల్లో అప్పుడప్పుడే లేస్తున్న వెంచర్ల గోడ రాతలు, కిరాణాలు, మంగలి షాపులు, అన్నీ ఆయన చేతివే. ముందు సుద్దలో ముంచిన దారాన్ని రేకు మీద బిగించి, ఒక్కసారి లాగి వదిలేవాడు. తెల్లగా గీత పడేది. తర్వాత పేరును మొదటి అక్షరంతో కాకుండా నడిమి అక్షరంతో మొదలుపెట్టేవాడు. మధ్య నుంచి ఇటొకటి, అటొకటి. అట్లా రాస్తే చివర్లో చోటు చాలక అక్షరాలు నలిగిపోవు. రాయడం అయ్యాక కిందికి దిగి రోడ్డు దాటేవాడు. అవతలి బస్టాపులో నిలబడి, కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక బస్సు ఆ బోర్డు ముందు నుంచి పోయేదాకా చూసేవాడు.

"బస్సుల కిటికీ కాడ కూసున్నోడు సదివిండంటెనే అది బోర్డురా. లేకుంటె రేకే."

చూడడం అయ్యాక మళ్ళీ నిచ్చెనెక్కి, కుడి మూలన కందిగింజంత పసుపు చుక్క పెట్టేవాడు. అది ఆయన సంతకం. మిగతా పెయింటర్లు తమ పేరూ ఊరూ రాసుకునేవాళ్ళు. ఒకసారి అడిగాను.

"బోర్డు షాపోనిది. దాని మీద నా పేరెందుకురా?"

"మరి చుక్కెందుకు కాకా?"

"గా చుక్క నాది. రోడ్డు మీదికి కనవడొద్దు. దగ్గరికొచ్చి సూసినోనికే కనవడాలె."

తొంభైల చివర్లో ఫ్యాక్టరీ మానేసి, పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి షాపు పెట్టాను. నేర్పేవాళ్ళు లేరు. ఒక్కొక్క బటన్ నొక్కి చూసి, ఏం జరిగిందో పుస్తకంలో రాసుకుంటూ నేర్చుకున్నాను. రోజు చేసిన పని ఆ రోజే రాసుకోవడం అప్పటి నుంచే అలవాటైంది. పెళ్ళికార్డులు, విజిటింగ్ కార్డులతో షాపు సాగుతుండగా ఫ్లెక్సీలు వచ్చాయి. నేను డిజైన్ చేసి సీడీలో సిటీకి పంపితే మర్నాటికి బోర్డు వచ్చేది. చూస్తుండగానే పొలాలు అపార్ట్‌మెంట్లయ్యాయి, కొత్త షాపులన్నీ ఫ్లెక్సీలే అడిగాయి. కాక సైకిల్ మీద రంగు డబ్బాలు తగ్గాయి. ఆయన గేట్లకు, కిటికీ ఊచలకు రంగులు వేయడానికి పోతున్నాడని విన్నాను. ఆయన నేర్పిన చేతితోనే ఆయన పని లాక్కున్నానని నాకు తెలుసు. ఎదురుపడితే తల వంచుకుని పోయేవాణ్ణి.

ఒకరోజు ఆయనే షాపుకు వచ్చాడు. తెర మీద ఒక లేడీస్ టైలర్ బోర్డు ఉంది. పేరు పెద్దగా, ఎర్రగా పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు.

"మస్తుగున్నది. షాపు ఏ దిక్కు?"

"మేడ్చల్ పోయేటప్పుడు కుడిచేతి దిక్కు."

"అంటె పడమటి మొకం. ఎరుపు వెట్టకు బిడ్డా. ఎండ ముందుగాల దాన్నే తింటది."

"ఇది ఫ్లెక్సీ కాకా, మిషిన్ రంగు. పోదు."

ఆయన నవ్వి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఒక్క ఎండాకాలం గడిచింది. టైలర్ అక్క షాపులోకి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"అన్నా, నా షాపు పేరు ఏడికి పోయిందే? బోర్డు మీద నీలం రంగుల ఫోన్ నంబరొక్కటే ఉన్నది. మంది నంబర్ సూసి ఫోన్ జేసి, 'గిదేం షాపమ్మా' అని నన్నే అడుగుతున్నరు!"

షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. వారంలో కొత్తది వేసిస్తానన్నాను. నాలుగో రోజు ఆమే మళ్ళీ వచ్చింది. ఈసారి మొహం నిండా నవ్వు.

"మంచిగైందన్నా. పెయింటర్ కాకను నువ్వే పంపినవు గదా?"

నేను పంపలేదు. వెళ్ళి చూశాను. వెలిసిపోయిన ప్రతి అక్షరంలోనూ నీలం రంగు నిండి ఉంది. ముందు గరుకు కాగితంతో రుద్ది, రెండుసార్లు వేశాడట. నేను ఆశ్చర్యపోయింది రంగుకు కాదు. ఆయన తలకట్టు తీరు వేరు, కొమ్ము తీరు వేరు. అక్కడ అవేవీ లేవు. నా అక్షరం అంచు ఎక్కడిదాకా ఉందో కుంచె అక్కడే ఆగింది. వెంట్రుకవాసి కూడా దాటలేదు. అప్పుడు కుడి మూల చూశాను.

చుక్క లేదు.

ఆ రోజు పుస్తకంలో ఈ ఒక్క మాటే రాసుకున్నాను. పని చేసిపెట్టాడు కాని, తనదిగా ఒప్పుకోలేదనుకున్నాను. నన్ను తన శిష్యుల లెక్కలోంచి తీసేశాడనుకున్నాను. ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాం, కలిసి చాయ్ తాగాం. ఆ బోర్డు మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. ఆయన చేతిలో గ్లాసు చూస్తూ ప్రతిసారీ అడుగుదామనుకుని ఊరుకునేవాణ్ణి.

ఆయన పోయిన మూడో రోజు చిన్నమ్మ, అంటే కాక భార్య, నన్ను పిలిపించింది. చేతిలో ఆయన ఫోటో పెట్టింది.

"ఫ్లెక్సీ కొట్టియ్యాలె బిడ్డా. గల్లీల పోయినోళ్ళందరికీ వెడుతున్నరు."

"కాకకు ఫ్లెక్సీ ఎందుకు చిన్నమ్మా?" అన్నాను. "దాంతోనే ఆయన పని పోయింది. నేనే..."

"ఫ్లెక్సీ ఏమన్న ఆయనకు దుశ్మనా? నువ్వేసిన బోర్డుకు రంగు నింపొచ్చిన నాడు ఎంత ఖుషీగున్నడో నీకేమెరుక."

ఇన్నేళ్ళకు నోరు పెగిలింది. "దానికి చుక్క కూడా పెట్టలేదు చిన్నమ్మా."

ఆమె నన్ను వింతగా చూసింది. "గదే నేనూ అడిగిన. చుక్క వెట్టినవా అంటె, 'గా బోర్డు పోరనిదే. నా చుక్క వెడితె ఆని పని నేను గుంజుకున్నట్టు గాదా' అన్నడు."

ఇంటి వెనకకు పోయి కాసేపు ఆయన సైకిల్ పక్కన నిలబడ్డాను.

ఫ్లెక్సీ నేనే వేశాను. దాన్ని కట్టాల్సిన గల్లీ మొదలు కూడా పడమటి ముఖమే. ఎరుపు ఎక్కడా వాడలేదు. తెలుపు మీద నలుపు. పేరు నడిమి అక్షరం నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ పేర్చాను. మామూలుగా కుడి మూలన నా షాపు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఆ చోటు ఖాళీగా వదిలాను. కట్టడం అయ్యాక చిన్నమ్మ ఆయన సంచీలోంచి పసుపు డబ్బా, సన్నకుంచె తెచ్చిచ్చింది. డబ్బా మీద గట్టిపడ్డ పొరను పుల్లతో తీస్తే లోపల రంగు ఇంకా తడిగానే ఉంది.

"వెట్టు బిడ్డా" అంది.

నిచ్చెన ఎక్కాను. కందిగింజంత చుక్క పెట్టాను. అది కాస్త కిందికి జారింది. కాక చుక్క ఎప్పుడూ జారేది కాదు.

దిగి రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డాను. ఎండ సూటిగా ఫ్లెక్సీ మీద పడుతున్నది. కాకలాగే కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మేడ్చల్ బస్సు ఒకటి నిదానంగా ఎదురుగా పోయింది. కిటికీ దగ్గర కూర్చున్న ఒకాయన తల తిప్పి పేరు చదివాడు, ఆ పేరు మీద నుంచి కళ్ళు తీయకుండానే ముందుకు వెళ్ళిపోయాడు. బస్సు పోయాక మళ్ళీ చూశాను. అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. చుక్క మాత్రం అక్కడి నుంచి కనబడలేదు.