మోచేతి పైన

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సుకు ఒక్కసారిగా బ్రేకు పడేసరికి, నిలబడ్డ ఒకామె తూలింది. నా పక్కనున్న పెద్దాయన ఆమెను మోచేతి పైన గట్టిగా పట్టి ఆపాడు.

"గట్ల పట్టుకుంటరా?" అని ఆమె కసిరింది.

ఆయన తలవంచుకుని నాతో అన్నాడు: "మిలట్రీల ఉన్నప్పుడు, వరదల ఒకామెను మణికట్టు వట్టి పడవలకు గుంజిన. గాజులు నా చేతికొచ్చినయ్. ఆమె రాలే."

"ఎంతోమందిని కాపాడి ఉంటారు కదా?"

"మస్తుమందిని తీసినం. పతకమిచ్చిన్రు. వాళ్ల మొకాలు ఒక్కటి గూడ యాదికి లేవు."

శామీర్‌పేట చెరువు నిండి, నీళ్లు మత్తడి దుంకుతున్నాయని అందరూ సంబరంగా కిటికీల వైపు వంగారు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

అప్పటి నుంచి, రోడ్డు దాటించేటప్పుడు నా కూతురిని మోచేతి పైనే పట్టుకుంటున్నాను. నొప్పి అంటుంది. వదలను.