తొక్కేవాళ్ళ చేయి

తడి రిమ్ము మీద బ్రేకు రబ్బరు కీచుమంటే నా తల దానంతటదే అటు తిరుగుతుంది. ఈ ఉదయం చినుకుల్లో, తిరుపతి బస్టాండు ముందు ఎవరో సైకిలు ఆపుతుంటే ఆ చప్పుడే విన్నాను. వెంటనే ఖాదర్ భాయ్ గుర్తుకొచ్చారు. మా వీధి చివర ఆయన సైకిలు అంగడి ఉండేది. మోకాళ్ళ మధ్య చక్రం పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని పని చేసేవారు.

నేను పదో తరగతితో చదువు ఆపి లాడ్జిలో పనికి చేరినవాణ్ణి. ఆ తరవాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలో బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. అది నాకు గర్వం, దాచుకోను. మా కీర్తన పన్నెండో ఏట పందెం సైకిలు అడిగితే, హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన పాత సైకిలు ఒకటి కొన్నాను. ఆ ఆదివారం సైకిలు పందేల శిక్షకుడు పిల్లలను భాకరాపేట ఘాట్ రోడ్డు దిగించబోతున్నారు. బ్రేకులు నేనే సరిచేయాలనుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక ఇంగ్లీషు పుస్తకం చదివాను, బొమ్మలు గీసుకున్నాను, రెండు సాయంత్రాలు కూర్చుని బిగించాను. రబ్బర్లకూ రిమ్ముకూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా వచ్చింది. నొక్కితే చక్రం ఠక్కున ఆగేది. కీచు చప్పుడొక్కటే పోలేదు. శనివారం సైకిలు ఖాదర్ భాయ్ దగ్గరికి నడిపించుకుని వెళ్ళాను.

ఆయన చుట్టూ తిరిగి చూశారు. "ఎవురు బిగించినారు?"

"నేనే భాయ్, పుస్తకం చూసి."

"బాగుండాది. తొక్కేది ఎవురు?"

"మా అమ్మాయి. రేపు దీని మీద ఘాట్ దిగాలి. ఇప్పుడు ఇంట్లో ఉంది."

"పిల్చుకోని రాపో. తొక్కే మనిషి లేకుండా నేను బ్రేకు ముట్టను."

"చప్పుడు పోగొట్టడానికి ఆ పిల్లెందుకు భాయ్?"

"నీకు సొక్కా కుట్టాలంటే మీ నాయన్ని కొలుస్తారా అప్పా?"

విసుక్కుంటూనే వెళ్ళి తీసుకొచ్చాను. ఆయన కీర్తనను సైకిలెక్కించి, ముందు చక్రం తన మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకున్నారు. "అమ్మణ్ణీ, కింది కొమ్ములు పట్టుకో. ఇప్పుడు బ్రేకు నొక్కు సూద్దాం."

కీర్తన వేళ్ళ కొసలు బ్రేకు కడ్డీని తాకి జారిపోయాయి. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ జారాయి.

"అందలేదు తాతా."

"నాయనకి సెప్పినావా?"

కీర్తన నావైపు చూడలేదు. "రెండు దినాలు కష్టపడి బిగించినాడు. ఎట్ల సెప్పేది?"

మర్నాడు ఆ వాలులో, ఆ మలుపుల్లో ఈ పిల్ల వేళ్ళు ఇలాగే జారి ఉండేవి. ఖాదర్ భాయ్ నన్ను తిట్టలేదు. "నీ చేతికి భేషుగ్గా ఉండాదప్పా. రేపు ఘాట్ నువ్వు దిగుతావుండావా?" అని మాత్రం అన్నారు.

పాత ట్యూబు ముక్క కత్తిరించి కడ్డీ కీలు వెనక దూర్చారు. కడ్డీ హ్యాండిలుకు దగ్గరగా వచ్చింది. తీగ కాస్త వదులు చేసి, "ఇప్పుడో?" అని అడిగారు. "ఇంకా రవ్వంత" అంది కీర్తన. అలా నాలుగుసార్లు సరిచేశారు. తరవాత బస్సు టికెట్టు మడిచి రబ్బరు వెనక అంచుకూ రిమ్ముకూ మధ్య పెట్టి బిగించి, టికెట్టు లాగేశారు. ఇక రబ్బరు ముందు అంచే మొదట తగిలేది. చప్పుడు పోయింది.

"ఇది పుస్తకంలోనూ ఉంది భాయ్" అన్నాను, ఉండబట్టలేక.

"ఉంటాది. అది రాసినాయన కూడా యాడో మెకానిక్కే అయ్యుంటాడు."

మర్నాడు ఘాట్ కింద నిలబడ్డాను. కీర్తన కింది కొమ్ములు పట్టుకుని చివరి మలుపు తిరిగింది, నెమ్మదించింది, నా ముందుకొచ్చి ఆగింది. "నాయనా, వెనక బ్రేకు ఇంకా రవ్వ బిగువు కావాల" అంది.

అంగడి మూసి ఖాదర్ భాయ్ పుత్తూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆదివారాల్లో శిక్షణ పిల్లల సైకిళ్ళు నేనే చూస్తున్నాను. స్పానరు తీయకముందు వాళ్ళను ఎక్కించి, నొక్కించి, అందుతోందా అని అడుగుతాను. కొందరు నా మొహం చూసి వెంటనే "ఆ, అందుతాది" అంటారు. అప్పుడు తొందరపడను. చక్రం పట్టుకుని ఇంకాసేపు కూర్చుంటాను.