కాటా ఎక్కని పొట్లాలు

మామ్మగారిని నేను మొదటిసారి చూసింది మా స్టోర్‌లో, ఫ్రీజర్ తలుపు పట్టుకుని నిలబడి ఉండగా. అమెరికాలో మా క్యారీ ఊళ్ళో అరటాకులు కూడా గడ్డకట్టించే అమ్ముతాం మరి. ఒక్కో ప్యాకెట్టూ తీసి, భూతద్దంలోంచి చూసినట్టు చూసి, ఆకు చిరిగి ఉంటే వెనక్కి పెట్టేస్తోంది. పక్కన బండిలో కర్రపెండలం దుంపలు గుట్టగా ఉన్నాయి.

అప్పటికి నాకు ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఈఏడీ కార్డు వచ్చిన కొత్త. మా అపార్ట్‌మెంట్స్‌లో ఆడవాళ్ళందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులు నేర్చుకుంటుంటే, ఇంటర్‌తో ఆగిపోయిన నేను క్యాష్ కౌంటర్‌లో నిలబడ్డాను. నాకేం బాధ లేదు. నోరు మూసుకుని కూర్చునే ఉద్యోగం నావల్ల కాదు. పైగా పెద్దాపురం పక్క పుట్టినదాన్ని, పెండలంతో సగ్గుబియ్యం చేసే మిల్లు వాసనలో పెరిగినదాన్ని. అంత పెండలం కొనే మనిషి కనిపిస్తే ఊరుకుంటానా?

"ఇన్ని దుంపలు ఏం చేస్తారండీ?" అని ఇంగ్లీషులో అడిగేశాను. ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదు. వెంట వచ్చిన మనవరాలు చెప్పింది. వాళ్ళది కాంగో నది ఒడ్డున ఒక పల్లె. దుంపల్ని నీళ్ళలో నానబెట్టి, పులిశాక పీచు తీసి, మెత్తగా నూరి, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారట. మా గోదావరి వైపు పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు గుర్తొచ్చాయి. ఆ మాట చెప్తే మామ్మగారు నవ్వి, తర్వాతిసారి వచ్చినప్పుడు ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. పుల్లపుల్లగా, సాగుతూ, పచ్చడితో తింటే ఎంత బాగుందో!

నేనే మా స్టోర్ ఓనర్ అన్నయ్యగారికి రుచి చూపించాను. ఆయనది కరీంనగర్. అమ్ముడుపోతుందనిపిస్తే దేన్నీ వదలరు.

"ఆఫ్రికా కస్టమర్లు మస్తుగ వస్తున్నరు. ప్రతి శుక్రవారం తెచ్చి పెట్టమను," అన్నారు.

మామ్మగారి ముఖం వెలిగిపోయింది. మనవరాలు ఒక ముసలివాళ్ళ హోమ్‌లో నర్సులకి సాయం చేసే పనికి పోతుంది. పగలంతా ఈవిడ ఒక్కతే. ఇప్పుడు ఆవిడ వంట కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారన్నమాట.

ఆ శుక్రవారం ఆవిడ రంగురంగుల గుడ్డ కట్టుకుని, పెద్ద తట్ట పట్టుకుని వచ్చింది. అన్నయ్యగారు మూత తీసి చూశారు.

"గిదేందమ్మా, ఒకటి గింత, ఒకటి గంత? గిట్లుంటే రేటెట్ల పెట్టాలె?" అంటూ కూరగాయల కాటా తెచ్చి, పొట్లాలు ఒక్కొక్కటే దాని మీద పెట్టడం మొదలుపెట్టారు. తక్కువ తూగినవి పక్కకి నెట్టారు. "ఇవి నడవయి. అన్నీ ఒక్క తీరుగ చెయ్యమను. వారానికి ఎన్ని తెస్తదో గది కూడ ముందుగాల చెప్పాలె."

మామ్మగారు కాటా వంకే చూస్తోంది. మనవరాలు తర్జుమా చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత పక్కకి నెట్టినవీ, నెట్టనివీ అన్నీ తట్టలో సర్దుకుని వెళ్ళిపోయింది.

"నేనేమన్ననని?" అన్నారు అన్నయ్యగారు బిత్తరపోయి.

మామ్మగారు మళ్ళీ రాలేదు. ఫ్రీజర్ తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని. చివరికి మనవరాలికి ఫోన్ చేశాను.

"సిస్టర్, అమ్మమ్మ ఆ రోజునుంచి దుంపలే నానబెట్టలేదు. ఇంక చెయ్యదట. నాకేమో నేర్చుకునే టైమ్ దొరకలేదు. ఆవిడ మానేస్తే మా ఇంట్లో ఇంకెవరికీ రాదు."

నా సెలవు రోజున వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. నానబెట్టే బకెట్ బాల్కనీలో బోర్లించి ఉంది. నేను క్షమించమని అడగబోతే, మామ్మగారు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అప్పుడు చెప్పింది, మనవరాలు మధ్యమధ్య ఆపి ఇంగ్లీషులో చెప్తుంటే నేను విన్నాను.

వాళ్ళ ఊరు అచ్చంగా నీటి అంచునే ఉండేది. ఆడవాళ్ళు ఒడ్డున గుంటలు తవ్వి దుంపలు నానబెట్టేవారు. తర్వాత తెల్లవాళ్ళ పొగ ఓడలు వచ్చాయి. ఊరికి కాస్త ఎగువన ఠాణా వేశారు. అందులో సిపాయిలకీ, కూలీలకీ తిండి ఈ పల్లె ఆడవాళ్ళే పెట్టాలని హుకుం. మగవాళ్ళేమో రబ్బరు కోసం అడవిలో. మామ్మగారి నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. తల్లి వెనకాల తట్ట మోసుకుని ఠాణాకి నడిచేది. అక్కడ కొక్కెం కాటా ఉండేది. తక్కువ తూగిన పొట్లాన్ని నేలమీద విసిరేసి, దాన్ని లెక్కలో వేసుకునేవాళ్ళు కాదు. లెక్క తగ్గితే ఆడవాళ్ళనే కట్టేసి ఉంచేవాళ్ళు, ఊరివాళ్ళు తక్కువైనవి తెచ్చి ఇచ్చేదాకా. ఆ తల్లిని కూడా ఉంచారు. తిరిగొచ్చింది గానీ, ఆవిడ చేతులు మళ్ళీ పొట్లం ముడి గట్టిగా వెయ్యలేకపోయాయట.

ఆ తర్వాత ఇంకొందరు దొరలొచ్చి రోడ్డు వేయించి, ఊరంతా రోడ్డు పక్కకి మారమన్నారు, తలలు లెక్కపెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని. ఇళ్ళు మారాయి, గుంటలు మాత్రం నది దగ్గరే ఉండిపోయాయి. మామ్మగారు చిన్నప్పుడు తల్లితో తడి దుంపలు నెత్తిన పెట్టుకుని అంత దూరమూ నడిచింది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక జనం మళ్ళీ ఒడ్డుకి చేరారు. అప్పటికే పాత రేవుని నది కోసేసింది.

"మరి సైజులు?" అన్నాను. నా నోరు ఆగదు కదా.

మామ్మగారు అరచేతులు దగ్గరగా, దూరంగా చేసి చూపించింది. ఠాణాకి చేసినవన్నీ ఒకే కొలత. అందుకని ఇంట్లోకి చేసుకునేవి మాత్రం ఎప్పుడూ ఒకలా చెయ్యకూడదని ఆ నాయనమ్మ పట్టుపట్టింది. పడవ తోసేవాడికి పెద్దది, బాలింతకి మెత్తనిది, పళ్ళు రాలుతున్న పిల్లకి చిన్నది. మనిషిని తలుచుకుంటూ చుట్టాలి.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. సగ్గుబియ్యం మిల్లులో పెండలం తొక్కలు తీసేది. మేస్త్రీ బుట్ట తూచేముందు, తడీ తొక్కా రాలి తూకం తగ్గేలా ఒకసారి గట్టిగా కుదిపేవాడు. ఆ కుదుపుకి అమ్మ ముఖం ఎలా అయ్యేదో, కాటా ముందు మామ్మగారి ముఖం కూడా అలాగే అయ్యింది. ఆ సంగతి చెప్పాను. మనవరాలు చెప్పడం పూర్తికాకముందే మామ్మగారు నా చెయ్యి పట్టుకుంది. కానీ వస్తానని అనలేదు.

మర్నాడు అన్నయ్యగారికి అంతా చెప్పాను. ధనియాల ప్యాకెట్లు సర్దుతూ విన్నారు.

"నాకేం ఎర్క చెల్లెమ్మా, గిదంత?" అన్నారు చివరికి. కాటా ఎత్తుకెళ్ళి వెనక కూరగాయల దగ్గర పెట్టి, కౌంటర్ పక్కన ఒక కుర్చీ వేశారు. "ఎన్ని తెస్తే అన్నే. ఎట్లుంటే అట్లనే. అన్నిటికి ఒక్కటే రేటు పెడదాం. కాకుంటే పెద్దయి అందరు ఏరుకపోతరు గదా?"

"ఆవిడే ఇస్తుందండీ. మనం ఏరుకోనివ్వం."

ఆ మాటే మనవరాలికి ఫోన్‌లో చెప్పాను. అమ్మమ్మకి చెప్తానంది. ఒక శుక్రవారం ఊరికే గడిచింది. ఆ తర్వాతి వారం బిల్లింగ్ చేస్తుంటే పుల్లటి ఆవిరి వాసన తగిలింది. తలెత్తితే తట్టతో మామ్మగారు, వెనకే మనవరాలు.

కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళని పైనుంచి కిందకి చూసి, తట్టలో వెతికి తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. లారీ డ్రైవర్‌కి పెద్దది. ఎత్తుకున్న పిల్లతో వచ్చినామెకి రెండు చిన్నవి కలిపి, ఒకదాని డబ్బే తీసుకోమంది నన్ను. నాకు సన్నగా, పొడుగ్గా ఒకటి. అడుగున ఒకటి మిగిలింది, దిండంత ఉంది. రెండు చేతులతో తీసి అన్నయ్యగారి ముందు పెట్టి ఏదో అంది. మనవరాలు నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఏమంటున్నదమ్మా?"

"ఇది మొదట చుట్టిందట అంకుల్. మీ పొట్టని తలుచుకుని."

ఆయన పొట్ట నిమురుకుని, పొట్లం ఆకు అక్కడే విప్పారు.

"పచ్చడి డబ్బా ఇటు తే చెల్లెమ్మా," అన్నారు.