మగ్గం గుంతలో కాగితపు వీరులు

గంజి ఉడుకుతుండగా చిటికెడు పసుపు వేశాను. ఆ వాసన లేవగానే ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు. నా కూతురు ఆదివారాలు స్నేహితులతో ఒక ఆట ఆడుతుంది. కోటలూ అడవులూ గీసిన కాగితం బల్ల మీద పరిచి, ఒక్కొక్కరూ ఒక యోధుడో మంత్రగత్తో అయిపోయి, ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు పాచికలు వేస్తూ ఆ కథలో నడిచే ఆట. అందులోని పాత్రలను కాగితం మీద గీసి, కత్తిరించి, మడిచి నిలబెట్టాలి. గంజి అందుకే. "ఫెవికాల్ ఉంది కదా మమ్మీ" అని అది గునుస్తోంది. మమ్మల్ని చూడ్డానికి హనుమకొండ వచ్చిన మా పెదనాన్న సోఫాలో కూర్చుని, ఒక బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి ఆటనే బిడ్డా, దిమాగ్ పెరుగుతది" అన్నాడు. ఆ మాట ఆ నోటి నుంచే రావాలా!

వరంగల్‌లో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ఎండాకాలం సెలవుల్లో వాకిట్లో ఆరబెట్టిన రంగు నూలు వాసన, మధ్యాహ్నం సర్వపిండి కాలుతున్న వాసన, లోపల గదిలో పెదనాన్న మగ్గం దబ్ దబ్ మంటూ ఆగకుండా చేసే చప్పుడు, ఆ చప్పుడుకే నిద్రపోయి అది ఆగితే లేచే మేము. నాన్న చెల్లెలు సునీత అత్తమ్మ అలాంటి ఒక ఎండాకాలంలోనే అత్తగారింటి నుంచి వచ్చేసింది. తలంటు పోస్తూ అమ్మ ఆమె వీపు చూసి చెంబు కింద పెట్టేయడం నాకు గుర్తుంది. మళ్లీ పోనని అత్తమ్మ తెగేసి చెప్పింది. అప్పటికి ఎవరూ పొమ్మనలేదు.

కాజీపేటలో రైల్వే కొలువు చేసే మా మేనమామ, రైల్లో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చి మా మీద పడేశాడు. అందులోదే ఈ ఆట. సగం అర్థం చేసుకుని, మిగతా సగం అత్తమ్మ సొంతంగా కల్పించింది. పాచికలకు బదులు పచ్చీసు గవ్వలు, రాక్షసులు దూకేది ఖిలా వరంగల్ తోరణాల మీది నుంచి. బొమ్మలకు అట్ట కావాలంటే అటక మీద ఆమె పెళ్లి కార్డులే ఒక కట్ట మిగిలి ఉంది. అచ్చు వేసిన వైపు లోపలికి మడిచి, తెల్ల వైపు ముందొకటి వెనకొకటి బొమ్మ గీసి, మధ్యలో గంజి పూసి, ఆరేదాకా ఊడకుండా నూలు దారం చుట్టేది. గంజి తినడానికి బొద్దింకలు వస్తాయని దాంట్లో పసుపు కలిపేది. ముందు వైపు ముఖం ఎంత శ్రద్ధగా గీసేదో, వెనక జడా, అమ్ములపొదీ, అంగీ ముడతలూ అంత శ్రద్ధగా గీసేది. "వీపు గియ్యకుంటే అది మనిషి కాదు పిల్లా, అట్టముక్క. ఎదురుంగ కూసున్నోళ్లకు కనవడేది వీపే" అనేది.

ఎండలో పెడితే బొమ్మలు వంకర పోతాయి. అందుకే అమావాస్య కోసం చూసేవాళ్లం. ఆ రోజు మగ్గానికి సెలవు, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత ఖాళీ. ఆ చల్లటి నీడలో వాటిని వరుసగా పేర్చేవాళ్లం. ఒక్కసారి మాత్రం సాయంత్రం తియ్యడం మరిచాం. తెల్లారి పెదనాన్న గుంతలో కాలు పెట్టాడు. పసుపు పూసి, దారం చుట్టిన మనుషుల బొమ్మలు, అదీ అమావాస్య మర్నాడు.

"నా మగ్గానికే చేతబడి చేత్తాందా ఇది!" అని వాడంతా వినబడేలా అరిచాడు.

"పసుపు బొద్దింకలకు ఏసిన అన్నా, దారం ఊడకుండ చుట్టిన" అంది అత్తమ్మ. "అవి మా ఆట బొమ్మలు పెదనాన్నా" అని నేను అడ్డం పోతే చెంప పగిలింది.

తెలియక చేసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. తెలుసు! అంతకు ముందు నెలే ఆయన మా ఆట చూసి, అత్తమ్మ తన కోసం గీసుకున్న బొమ్మను పట్టుకుని, "ఈ బల్లెం పట్టినామె ఎవ్వలే?" అని నవ్విపోయాడు. గంజి పోసిచ్చింది అమ్మ, దారం ఇచ్చింది నాన్న. ఇద్దరూ నోరు మెదపలేదు. అప్పటికే అత్తమ్మ మొగుడు కబుర్ల మీద కబుర్లు పంపుతున్నాడు. ఆడపిల్ల వచ్చి ఇంట్లో కూర్చుందని వాడలో గుసగుసలు. మా ఇంటి పెద్దలకు ఒక సాకు కావాలి, దొరికింది. వాకిట్లో కిరసనాయిలు పోసి పెదనాన్న బొమ్మలన్నీ కాల్చాడు. ఆమెవి ఏవీ ఇంట్లో ఉండొద్దని ఫొటోలు కూడా అందులోనే వేశాడు. మర్నాడు ఆమెను అత్తగారింటికి ఆటో ఎక్కించారు. ఎక్కేటప్పుడు ఆమె వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు జ్వరమొచ్చి పోయిందని కబురొచ్చింది. ఏం జ్వరమో ఎవరూ అడగలేదు.

ఇప్పుడా ఇంట్లో మగ్గం లేదు, గుంతను సిమెంటుతో పూడ్చి టైల్స్ వేశారు. పెళ్లి కార్డులు ఫోన్లోకే వస్తున్నాయి. పచ్చీసు గవ్వలు ఎటు పోయాయో తెలియదు. గంజి గిన్నె దించి, నిన్న నేను గీసిన బొమ్మను మడిచి అతికించాను, దారం చుట్టాను. వదులు జడ, నీలం చీర, పక్కన బల్లెం. వీపు గియ్యడానికి ఒక్క గీత కూడా చెరపాల్సి రాలేదు. తెచ్చి పెదనాన్న ముందు బల్ల మీద నిలబెట్టాను. పసుపునూ దారాన్నీ చూసి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నా కూతురు బొమ్మను తన వైపు తిప్పుకుంది. "ముఖం గియ్యలేదేంది మమ్మీ?"

"ఎట్లుంటదో యాదికొస్తలేదు బిడ్డా" అన్నాను. "పెద్ద తాతను అడుగు. ఆమె ఫొటోలు కాలవెట్టింది ఆయనే."